సున్నం కాని తెలుపు

నర్సరీ, మూడో షెడ్డు
అక్టోబరు 4

మామయ్యకి,

నేను బాగానే ఉన్నాను, నువ్వూ బాగున్నావనే అనుకుని సంగతిలోకి వస్తున్నాను. ఫోన్ చేద్దామంటే నీ ఎడమ చెవి పనిచేయదు, కుడి చెవికి నా గొంతు పడదు. అందుకని కాగితం మీదే అరుస్తున్నాను.

మా యజమాని, అదే గొడుగు (షెడ్డులో కూడా గొడుగు వేసుకునే తిరుగుతాడని చెప్పాను కదా), మొన్న ఏడో మడి మొత్తం తగలబెట్టించాడు. తొమ్మిది వందల పైన్ మొక్కలు. రెండేళ్లు నా చేత్తో నీళ్లు పోసి పెంచినవి. ఎందుకయ్యా అంటే, సూదాకుల మీద తెల్ల చుక్కలున్నాయట. వెల్ల వేసే బ్రష్షు విదిలిస్తే పడ్డట్టు అక్కడక్కడా నాలుగు చుక్కలు. "కడిగితే పోతాయి కదండీ" అన్నాను. "కడిగితే పోయేది నీ ఓపిక" అన్నాడు. జబ్బు చేస్తే మందు వెయ్యాలి గానీ చితి పేర్చడమేమిటి? మనుషుల్నీ ఇలాగే చూస్తాడు. పోయినేడు నడుం పట్టేసిన పెద్దావిణ్ని రెండో రోజుకే ఇక రావద్దన్నాడు. నాకు చదువు చెప్పినవాడెవడూ లేడు, మందు డబ్బాల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నదాన్ని. అయినా ఇంత మొద్దుతనం నాకు లేదు.

కోపం పక్కన పెడతాను. లారీ డ్రైవరు చేతికి పన్నెండు మొక్కలిచ్చి పంపుతున్నాను. ఇవి వేరే మడివి, అడిగి తీసుకున్నవి. గాలికి పడిపోయిన చెట్ల చోట్లు నీ వరసలో పన్నెండు ఖాళీగా ఉన్నాయని, పళ్లూడిన నోరులా ఉందని పోయినసారి రాశావు. ఇవిగో పళ్లు. కట్టించుకో.

నీ కందిరీగ


జలాశయం గట్టు, కాపలా గది
అక్టోబరు 19

కందిరీగకి,

పళ్లు కట్టించుకున్నాను. నూట నలభై చోట్లలో ఇప్పుడు ఒక్క ఖాళీ లేదు. ఈ పక్క ఊరు తాగే నీళ్లు, ఆ పక్క సున్నం బట్టీ కొండ, మధ్యలో నేను ఇరవై ఆరేళ్ల కింద నాటిన వరస. గాలి అటునుంచి వచ్చి చెట్లకి కొట్టుకుని వెనక్కి పోతుంటే చూడటానికి బాగుంది.

నా పద్ధతి నీకు తెలుసు. బయటినుంచి ఏ మొక్క వచ్చినా పంపుగది వెనక దోమతెర కట్టిన చెరలో ఒక ఎండాకాలం దాటేదాకా ఉండాల్సిందే. ఆఫీసువాళ్లు పంపినా అంతే, పెద్ద ఇంజినీరు సొంత చేత్తో తెచ్చినా అంతే. నీ మొక్కల్ని మాత్రం చెరలో పెట్టలేదు. ఇంటిపిల్ల పంపినదానికి చెరేమిటనిపించింది. వచ్చిన మర్నాడే నాటేశాను.

గోతులు నేను తవ్వలేదులే. బట్టీ మేస్త్రీ గుణపం తెచ్చుకుని, "నీ నడుం నీ చెవికంటే ముసలిది, తప్పుకో" అని నన్ను పక్కకి నెట్టి, రెండు పూటల్లో పన్నెండూ తవ్వేశాడు. రాతినేల. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ కసి సాయంత్రం చదరంగంలో తీర్చుకున్నాడు, మూడాటలు. మా నల్ల గుర్రం ఒకటి ఎప్పుడో పోయింది, దాని బదులు బట్టీలోంచి తెచ్చిన బోల్టు పెట్టుకుంటాం. ఆ బోల్టుతోనే నా రాజుని చంపుతాడు. "ఇంత శుభ్రంగా మొక్కల్ని పెంచిన చెయ్యి ఒకసారి చూడాలయ్యా" అన్నాడు నీ గురించి.

గొడుగు మీద అంత కోపం వద్దు. గొడుగున్నవాడికి వాన సంగతి మనకంటే ముందు తెలుస్తుంది.

మామయ్య


జలాశయం గట్టు, కాపలా గది
జూన్ 11

కందిరీగకి,

ఈసారి కబుర్లకి కాదు, నీ చదువుతో పనిపడి రాస్తున్నాను. చెట్ల కింది కొమ్మల్లో సూదుల మీద తెల్లటి చుక్కలు వచ్చాయి. నువ్వు పంపిన మొక్కల మీద, వాటికి అటూ ఇటూ ఉన్న పెద్ద చెట్ల మీద. ముప్పై చెట్ల దాకా ఉంటాయి. కొన్నింటి సూదులు అప్పుడే పసుపు తిరిగాయి. నా కళ్లద్దాలు పాతవి. పురుగో, ధూళో తేల్చలేకపోతున్నాను.

బట్టీ ధూళేమోనని మేస్త్రీని పిలిచి చూపించాను. అతను ఒక సూది తుంచి నాలిక మీద పెట్టుకున్నాడు. "మండలేదు. నా సున్నం నాకు తెలీదా? ఇది నాది కాదు" అన్నాడు. నువ్వేమంటావు?

మామయ్య


నర్సరీ, మూడో షెడ్డు
జూన్ 20

మామయ్యకి,

ఎదురుగా బట్టీ పెట్టుకుని పురుగేమిటి? ధూళి అది. వట్టి సున్నపు ధూళి. నాలికతో చూశాడట. దొంగనే సాక్ష్యం అడిగినట్టుంది. ఏడాది పొడుగునా నీ చెట్ల మీద తెల్లగా దుమ్మెత్తిపోసి, సాయంత్రం వచ్చి నీ టీ తాగి నిన్నే ఓడించిపోతాడు, నువ్వు మురిసిపోతావు. మంచివాడే కావచ్చు. మంచివాళ్ల బట్టీ పొగ తెల్లగా రాదా?

ఊరు తాగే నీళ్ల పక్కన బట్టీ ఉండనివ్వడమే తప్పు. చెట్ల సూదులకి ఊపిరాడక పసుపు తిరుగుతున్నాయి. అర్జీ నేనే రాసి దీనితో పెట్టాను. సంతకం పెట్టి ఆఫీసుకివ్వు. మొహమాటపడకు. నువ్విలా మొహమాటపడే ఇరవై ఆరేళ్లు ఆ గదిలో ఒక్క ఫ్యానుతో ఉన్నావు.

పైపు పెట్టి చెట్లని కడుగు.

కందిరీగ


జలాశయం గట్టు, కాపలా గది
సెప్టెంబరు 2

కందిరీగకి,

నువ్వు రాసిన అర్జీ గట్టిదే. ఆఫీసువాళ్లు పది రోజుల్లో వచ్చి బట్టీ ఆపించారు. ముప్పై ఇద్దరు కూలీలు మూటలు సర్దుకుని వరస పక్కనుంచే వెళ్లారు. ఒకరిద్దరు నాకు దండం కూడా పెట్టారు, ఎప్పటి అలవాటుతోనో.

మేస్త్రీ రాలేదు. చదరంగం బల్ల నాది, నల్లపావులు అతనివి. ఒకరోజు పనిమనిషి చేత కబురంపాడు, పావులిచ్చేయమని. బోల్టుతో సహా గుడ్డలో కట్టి ఇచ్చేశాను.

చెట్లని రోజూ కడుగుతున్నాను. బట్టీ ఆరి ఏడు వారాలైంది. కొండ మీద పొగ చుక్క లేదు. తెలుపు మాత్రం పెరుగుతూనే ఉంది.

నిన్న ఆఫీసరు వచ్చి వరస పొడుగునా నడిచాడు. వచ్చే జూన్ ఆఖరుకి ఇలాగే ఉంటే మొత్తం కొట్టేసి గోడ కడతామన్నాడు. గోడకి నీళ్లు పొయ్యక్కర్లేదు, కాపలా అంతకన్నా అక్కర్లేదు. ఆ ముక్క అతను అనలేదు, గది కొలతలు తీసుకుని వెళ్లాడు.

ఇది నిజంగా ధూళేనా?

మామయ్య


నర్సరీ
సెప్టెంబరు 15

మామయ్యకి,

ఉత్తరం అందింది. ఇక్కడ పని ఎక్కువగా ఉంది. కొత్త మడులు పోస్తున్నాం. ధూళి ఒక పట్టాన వదలదు, వానలు గట్టిగా పడితే చూడాలి. నీ ఆరోగ్యం జాగ్రత్త. చలికాలానికి దుప్పటి పంపనా?

నీ మేనకోడలు


జలాశయం గట్టు, కాపలా గది
సెప్టెంబరు 28

కందిరీగకి,

ఇంత చిన్న ఉత్తరం నువ్వెప్పుడూ రాయలేదు. ఎప్పుడూ పిడికిలితో రాసేదానివి, ఈసారి చిటికెనవేలితో రాశావు. ఎవరినీ తిట్టలేదు. గొడుగుని కూడా. దుప్పటి సంగతి అడిగావు. నాకు భయం వేసింది.

ఒక సూది ఈ కాగితానికి అంటించాను. చూసి ఒక్క మాట రాయి. ఇది సున్నమా?

మామయ్య


నర్సరీ, మూడో షెడ్డు
అక్టోబరు 10

మామయ్యా,

కాదు.

ఒక్క మాట అడిగావు, రాశాను. ఇక్కడితో ఆపేస్తే మరీ పిరికిదాన్నవుతాను కనక మిగతాదీ రాస్తున్నాను. నువ్వంటించిన సూదిని చూసిన వెంటనే పొయ్యిలో వేశాను. ఇంకెవరికీ ఇలా పంపకు.

ఆ పన్నెండు మొక్కలూ ఏడో మడివే. కాల్చమన్న మడివి. తోపుడు బండిలో గోతి దగ్గరికి చేరేసేటప్పుడు ఆఖరి విడతలో మంచివి పన్నెండు ఏరి నీళ్ల డ్రమ్ము వెనక దాచాను. రెండు సాయంత్రాలు సబ్బునీళ్లు, పాత గుడ్డముక్క పెట్టుకుని ఒక్కొక్క సూదిని రెండు వేళ్ల మధ్య పట్టి తుడిచాను. ఒక్కో మొక్కకి ఎన్ని సూదులుంటాయో నీకు తెలుసు. గొడుగు చంపమన్నవాటిని నేను బతికించానని ఎంత పొగరో. లారీ ఎక్కించింది ఆ పొగరునే.

మార్చిలో మందుల గదిలో అట్టలేని పుస్తకం ఒకటి దొరికింది. దీన్ని పొలుసు పురుగంటారు. మనకి తెల్లగా కనబడేది బతికున్న పురుగు కూడా కాదు మామయ్యా. చచ్చిపోయిన తల్లి పెంకు. దాని కింద చలికాలమంతా గుడ్లు భద్రంగా ఉంటాయి. ఎండలు ముదిరే ముందు పిల్లలు ఎర్రగా, ఆవగింజలో పదోవంతు, బయటికొచ్చి నాలుగు రోజులు నడుస్తాయి. గాలి వస్తే పక్క చెట్టుకి ఎగిరిపోతాయి. సూదిలో మూతి గుచ్చి కూర్చున్నాక ఇక లేవవు, కాళ్లు కూడా ఊడిపోతాయి. పైన మళ్లీ తెల్ల పెంకు కట్టుకుంటాయి. నేను తుడిచింది కంటికి కనబడ్డవాటిని. సూది మొదట్లో, తొడుగు లోపల ఉన్నవి నా గుడ్డకి అందలేదు.

ఆ రోజే నీకు రాద్దామని కూర్చున్నాను. అప్పటికి గుడ్లు పగల్లేదు. ఒక్క ముక్క రాసుంటే పన్నెండు మొక్కలూ పీకి కాల్చేవాడివి, అక్కడితో పోయేది. నీ పాత ఉత్తరం తీసి చదివాను. ఇంటిపిల్ల పంపినదానికి చెరేమిటని రాశావు కదా, అది. కలం మూసేశాను.

జూన్‌లో నువ్వడిగేసరికి నాకు సగం తెలుసు. కాదు, ఆ మాట కొట్టేస్తున్నాను. మొత్తం తెలుసు. తెలిసే సున్నమని రాశాను. అర్జీ రాస్తుంటే నిజంగానే కోపం వచ్చింది, అదీ వింత. నాకు కోపం తెచ్చుకోవడం బాగా వచ్చు. ఎవరో ఒకరి మీద అరుస్తూ ఉంటే నా సంగతి నాకు వినపడదు. నాలికతో చూసి మరీ నిజం చెప్పిన మనిషిని దొంగన్నాను.

నీ ఖాళీలు వరసంతా చెదురుమదురుగా ఉన్నాయి. ఒక మూలనే ఉంటే ఒక మూలే పోయేది. నేను పన్నెండు చోట్ల నిప్పు పెట్టాను.

ఏమని సంతకం చెయ్యాలో తెలియడం లేదు.


జలాశయం గట్టు, కాపలా గది
డిసెంబరు 1

అమ్మాయికి,

నీ ఉత్తరం నెలన్నర బల్ల మీద ఉంది. దాని మీద గ్లాసు పెట్టుకుని టీ తాగాను.

పన్నెండు మొక్కలూ పీకి కాల్చాను. అర్జీ తప్పని ఆఫీసుకి రాసిచ్చాను. కిందటి నెల బట్టీ తెరిచారు. కూలీలు పంతొమ్మిది మందే తిరిగి వచ్చారు, మిగతావాళ్లు ఎటు పోయారో మేస్త్రీకీ తెలియదు. అతని ఇంటికి వెళ్లి సంగతి చెప్పాను. గుమ్మంలోనే నిలబెట్టి విన్నాడు. "నాలిక మీద పెట్టుకుని చెప్పాను గదయ్యా" అని తలుపేసుకున్నాడు.

చెర అనే నియమం పెట్టుకున్నది నేను, తెంచిందీ నేనే. గోతులు తవ్విన మనిషి మీద సంతకం పెట్టిన చెయ్యీ నాదే. ఆ రెండూ నీ నెత్తిన వెయ్యను. నీది నీకు చాలు.

చెట్లకేం చెయ్యాలో రాయి. క్షమాపణలు రాయకు, చదివే ఓపిక లేదు.

మామయ్య


నర్సరీ, మూడో షెడ్డు
జనవరి 8

మామయ్యకి,

అడిగినవి మాత్రమే రాస్తాను.

పసుపు తిరిగిన కింది కొమ్మలు ఇప్పుడే కోసి, అక్కడికక్కడే కాల్చెయ్యి. కొమ్మని ఈడ్చుకుంటూ వరస పొడుగునా తీసుకెళ్లకు.

ఘాటు మందులు కొట్టనివ్వకు. పెంకు ఉన్నన్నాళ్లూ ఏ మందూ లోపలికి పోదు. పైగా వీటిని తినే అక్షింతల పురుగులు చస్తాయి. మనకున్న కూలీలు అవే.

మే మొదటి వారం నుంచి రోజూ పొద్దున ప్రతి చెట్టు కిందా తెల్ల కాగితం పట్టి కొమ్మని కర్రతో తట్టు. కాగితం మీద ఎర్ర చుక్కలు పడి నడిస్తే పిల్లలు బయటికి వచ్చినట్టు. ఆ పది పన్నెండు రోజులే మనవి. సబ్బునీళ్లలో కొంచెం నూనె కలిపి సూదుల మొదళ్లు తడిసేలా కొట్టాలి. జూలైలో రెండో విడత, అప్పుడూ అంతే.

గొడుగుకి నేనే చెప్పేశాను. గొడుగు మూసి నా వంక చూశాడు. "పన్నెండు కుండీలు తక్కువొచ్చాయని అప్పుడే తెలుసు. ఎలకలనుకున్నాను" అన్నాడు. పనిలోంచి తీసెయ్యలేదు. ఇకమీదట కాల్చే పని నన్నే చెయ్యమన్నాడు.

మేస్త్రీ గారికి రాసిన ఉత్తరం దీనితో ఉంది. ఇచ్చెయ్యి.


జలాశయం గట్టు, కాపలా గది
ఫిబ్రవరి 3

అమ్మాయికి,

మేస్త్రీకి చదువు రాదు. నేను చదివి వినిపిస్తే అది మళ్లీ నా నోటి మాటే అవుతుంది. నీ ఉత్తరం వెనక్కి పంపుతున్నాను.

మే నెలలో సెలవు పెట్టుకుని రా. కాగితం పట్టడానికి ఇంకో చెయ్యి కావాలి. అతనికి చదవడానికి నీ నోరు కావాలి.

మామయ్య


నర్సరీ, మూడో షెడ్డు
జూన్ 2

మామయ్యకి,

చేరాను. భుజాలింకా నొప్పిగానే ఉన్నాయి. నూట ఇరవై ఎనిమిది చెట్లు, రోజూ, పదహారు రోజులు. మొదటి రోజు కాగితం మీద ఎర్రగా నడుస్తున్నవాటిని చూసి నేను వెనక్కి తిరిగి నిలబడ్డాను, నువ్వు చూసీ చూడనట్టున్నావు.

నాలుగైదు రోజులయ్యాక బట్టీ దగ్గర నన్ను దింపి, పంపు చూసొస్తానని వెళ్లిపోయావు. ఆ వారమంతా పంపు ఆగే ఉందని నాకు తెలుసు. అక్కడేం జరిగిందో నువ్వడగలేదు, నాకూ నోరు రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మేస్త్రీ గారు చేతులు కడుక్కుని జల్లెడ బోర్లించి దాని మీద కూర్చున్నారు. నన్ను కూర్చోమనలేదు. "చదువు" అన్నారు. చదివాను. పుల్లతో నేల గీస్తూ విన్నారు. అయిపోయాక "మళ్లీ చదువు" అన్నారు.

"ఎక్కడినుంచి బాబాయ్?"

"సున్నంది తప్పు కాదన్న చోటినుంచి. కొంచెం గట్టిగా. గోడ అవతల మా ఆవిడుంది. నాలుగు నెలలు అదీ నన్ను నమ్మలేదు."

గట్టిగా చదివాను. అవతలనుంచి గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అప్పుడు ఆయన కూలీల్ని పిలిచి మూడోసారి చదివించారు. పంతొమ్మిది మంది అన్నాల దగ్గరనుంచి లేచి వచ్చి నిలబడ్డారు. మూడోసారికి నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. ఒకావిడ, తలకి గుడ్డ కట్టుకుని ఉంది, కోపం కూడా లేకుండా అడిగింది. "ఏమ్మా, నీకు కోపం వస్తే మాకు పని పోతుందా?"

ఇప్పటికీ ఎవరినైనా తిట్టబోయే ముందు ఆవిడ గొంతు వినపడుతోంది.

ఆయన క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. "నీ చేతులు చూపించు" అన్నారు. చూపించాను. సబ్బునీళ్లకి చర్మం ఊడి ఉంది. చూసి, "పొద్దున ఎన్నింటికి మొదలెడతారు?" అన్నారు. మర్నాడు ఆయన పిచికారీ డబ్బా భుజాన వేసుకుని ఎందుకొచ్చారో నీకు తెలియలేదు. నీతో మాట్లాడకుండా అవతలి చివరనుంచి ఎందుకు మొదలెట్టారో కూడా. నీ మీద కోపం ఇంకా ఉందనే అనుకుంటాను. ఉండనీ మామయ్యా. ఆయనది అసలైన కోపం.

నిన్న ఇక్కడ రెండో మడి కాల్చాను. నాలుగొందలు. ఒక్కటి కూడా దాచలేదు.

ఆఫీసరు వచ్చాక ఏమన్నాడో రాయి.

నీ మేనకోడలు


జలాశయం గట్టు, కాపలా గది
జూలై 12

కందిరీగకి,

కాగితం నలిగి ఉంది, ఏమీ అనుకోకు. పొద్దున నలభై మూడో చెట్టు కింద పట్టినది ఇదే. పైన నీ పేరు ముందే రాసుకుని పట్టాను. పది దెబ్బలు కొట్టాను. ఎర్రగా ఏమీ నడవలేదు. ఒక అక్షింతల పురుగు పడింది. కాసేపు నీ పేరు మీద కూర్చుని ఎగిరిపోయింది. తొంభయ్యో చెట్టు కింద మాత్రం ఏడు ఎర్రవి కనబడ్డాయి, కనక సంబరం వద్దు.

ఆఫీసరు జూన్ ఆఖరున వచ్చాడు. ముప్పై నాలుగు చెట్లు ఇక కోలుకోవన్నాడు. వాటికి ఎర్రరంగు గుర్తు పెట్టించాడు. మిగతా తొంభై నాలుగూ ఉండనిచ్చాడు. గోడ మాట మళ్లీ ఎత్తలేదు. కొట్టేవాళ్లు వచ్చిన రోజు నేను గదిలో కూర్చోలేదు, ప్రతి చెట్టు దగ్గరా నిలబడ్డాను. నాటినవాణ్ని కదా. నువ్వు కూడా నిలబడి ఉండాల్సింది. నిన్ను నొప్పించడానికి కాదు, నాకు తోడు కావాల్సొచ్చి అంటున్నాను.

పోయిన ఆదివారం మేస్త్రీ గుడ్డమూట తెచ్చి బల్ల మీద పెట్టాడు. నల్లపావులు. బోల్టు లేదు. అడిగితే, "బట్టీలో అవసరం పడింది" అన్నాడు. ఒక గుర్రం తక్కువతోనే నన్ను ఓడించి వెళ్లాడు. ఆ బోల్టు ఎప్పుడు తెస్తాడో, అసలు తెస్తాడో లేదో నేనడగను.

వరసలో ఇప్పుడు నలభై ఆరు ఖాళీలు. అప్పుడు పళ్లూడిన నోరన్నాను, ఇప్పుడు నోరే సగం లేదు. గాలి లోపలికి వస్తోంది. వానలు నిలిచాక మొక్కలు పంపు. చెరకి కొత్త తెర కట్టాను. నువ్వు పంపినవి కూడా ఒక ఎండాకాలం అందులోనే ఉంటాయి.

తాళం వేశాను. తాళంచెవి మేస్త్రీకిచ్చాను.

నీ మామయ్య